తొమ్మిదో మెట్టు

రైలుగేటు అవతల, ధర్మారం దాటినంక
పన్నెండు బ్లాకులు, ఒక్క అచ్చుల పోసినట్టు.
అండ్ల ఏడో బ్లాకు మెట్లు నేను కట్టినయే.
సుతారి ఓదేలంటే అక్కడ ఎవరికీ తెల్వదు.
ఇల్లు కట్టినోని పేరు ఇంటికి పెట్టరు గద.

ఇంజినీరు వచ్చిండు, ఫోటో కొట్టిండు,
కింది మెట్టు మీద నిలవడి పైదాక చూసిండు,
సంతకం పెట్టి జీపెక్కిండు.
లాటరీ తీసిండ్రు. జనం దిగిండ్రు.
బీరువాలు ఎక్కినయి, గ్యాసుబండలు ఎక్కినయి,
ఒక పెండ్లిపిల్ల ఎక్కింది, ఒక పీనుగ దిగింది.
రెండేండ్లు. ఎవ్వరూ ఏమనలే.

మొగిలమ్మ వచ్చిన పొద్దు
నేను కింద నల్లా గద్దె మరమ్మతు చేస్తున్న.
కాజీపేట ఆఫీసుల కుర్చీలకు
ముప్పై ఏండ్లు పేము అల్లిన చేతులామెవి.
లాటరీల రెండో అంతస్తు తగిలింది.
కింది ఇల్లు ఇయ్యుండ్రని అడిగితే
"కంప్యూటర్ తీసిందమ్మా, దానికి కండ్లు లేవు"
అన్నడట క్లర్కు.
"కండ్లు లేనోళ్లు గిట్ల చెయ్యరు సారూ"
అన్నదట ఈమె.

ఒక చేతిల తెల్లకర్ర, ఒక చేతిల పాలగిన్నె.
వెనక తమ్ముని బిడ్డ "ఇటు అత్తా, ఇటు" అంటుంటే
"ముట్టకు బిడ్డా, లెక్క తప్పుతది" అనుకుంట
ఎక్కుతున్నది.
ఏడు. ఎనిమిది.
తొమ్మిదో దానికాడ ఆగింది.
కర్ర కొనతోని కొట్టి, మళ్ల కొట్టి,
కూసుండి అరచెయ్యి ఆనిచ్చి
"ఇది బొటనేలంత ఎక్కువున్నది" అన్నది.
"ఈడ సుతారి మనసు యాడికో పోయింది."

తాపీ నా చేతిలనే ఉండిపోయింది.
ఆ దినం నాకు యాదికున్నది.
ఐదు వారాల కూలి ఆపిన గుత్తేదారు
ఫోనెత్తకపోతే
చెవికి ఫోను ఆనిచ్చుకొనే
ఒంటిచేత్తోని ఇటుక పేర్చిన.
రసమట్టం సంచిలనే ఉన్నది.

ఇరవై ఏండ్ల సంది గోడలు కడుతున్న,
ఒక్కలన్న చదువుతరని అనుకోలే.

దగ్గరికి పోయి చెప్పిన, "నాదే తల్లీ."
ఎందుకట్లయిందో గూడ చెప్పిన.
లోపల ఒక ఆశ:
"ఉండనియ్యి, నా ఇంటికి గుర్తు" అంటదని.
అనలే.
"పలగ్గొట్టు. ఎదురింట్ల నెలలు నిండిన పిల్లున్నది,
కడుపు అడ్డమొచ్చి దానికి మెట్టు కనవడదు.
నా గుర్తు నాకు వేరే చెయ్యి."

ఇగ చెయ్యి గోడ మీద నడిపిచ్చుకుంట చెప్పింది:
మలుపుకాడ రెయిలింగు తెగింది,
పట్టుకోబోతే గాలి దొరుకుతున్నది.
మోరి మీద బండ లేదు.
దర్వాజల మీద నంబర్లు రంగుతోని రాసిండ్రు,
రంగు నా వేలికేం చెప్తది?
లిఫ్టుకని ఇడిసిన సందుకు చెక్క అడ్డం పెట్టిండ్రు,
చెక్క అవతల ఎంత లోతో నీకు తెల్సా?

తెల్సు. రెండంతస్తులు.
ఆ చెక్క పెట్టింది నేనే.

మూడు దినాలు పట్టింది.
మెట్టు సాపైంది. మోరికి బండ పడ్డది.
వెల్డింగోన్ని బతిలాడి రెయిలింగు అతికిపిచ్చిన.
లిఫ్టు సందు నా తోని కాలే,
అది ఇంకా అర్జీల ఉన్నది,
కింద ఆమె సంతకం.
దర్వాజ పక్కన పచ్చి సిమెంటుల
ఆమె చెప్పిన తీరుగ చింతగింజలు ఒత్తిన:
ముందుగాల నాలుగు,
"ఇగ వచ్చేది అంకె" అని చెప్పేటియట.
ఎనక రెండు నిలువుకు, రెండు అడ్డానికి.
ఇరవై మూడు.
వేలు పెట్టి చూసింది. ఒక గింజ జరిపిచ్చింది.

కూలి ఇయ్యవోతే వద్దన్న.
నోట్ల పొడుగు వేలితోని కొలిచి లెక్కజూసి
నా చేతిల పెట్టింది.
"ఆపినోని తీరు నేను గాదు."

ఇప్పుడు హసన్‌పర్తి కాడ పని.
పొద్దూకి కూలోళ్లు పోయినంక
బద్ద, రసమట్టం పక్కన పెట్టి
కండ్లు మూసుకొని నా మెట్లు నేను ఎక్కుత.
నిన్న ఆరో దానికాడ కాలు ఆగింది.

పొద్దుగాల మేస్త్రి వచ్చెటాలకు
పచ్చి మెట్టు పలిగి ఉన్నది.
"ఎవడ్రా కొట్టింది?" అని ఒర్లుతున్నడు.
నేను ఇసుక జల్లెడ పడుతున్న.