ముప్పై రెండో సీసా

సోమశిల కట్ట దిగువన, ఇంకా వెలుగు రాకముందే
తుపాకుల వెంగమ్మ వల విదిలిస్తుంది.
ఇసక మీద పడ్డ పరిగెలు
కాగిన నూనెలో ఆవగింజల్లా
చిటపటమంటాయి.

నేను మోకాళ్ళ మీద కూలబడి
కాలిపర్స్ నోరు తెరుస్తాను.
మూతి కొస నుంచి తోక మొదలు దాకా, అరవై ఒకటి.
తల, పదహారు.
కంటి గుండ్రం, అయిదుకి వెంట్రుకవాసి తక్కువ.
పక్కగీత మీద పొలుసులు ఇరవై మూడు,
కాదు, ఇరవై నాలుగు,
మళ్ళీ మొదట్నించీ.
ఈలోగా చేప చచ్చిపోతుంది.
దానికి నా పట్టికలో గడి లేదు.

"ఏందమ్మే, చొక్కా కుట్టిస్తావా దానికి?"
వక్కాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మారుస్తుంది వెంగమ్మ.

ఆమెకి కొలతల్లేవు. రెండు బుట్టలున్నాయి.
ఎర్రపరిగె ఒకదాంట్లో, బూడిదపరిగె ఒకదాంట్లో.
ఎర్రది ఎండుకి, బూడిదది పులుసుకి.
చీకట్లో కూడా చెయ్యి తడబడదు.
ఎట్లా తెలుస్తుందని అడిగితే
"అరిచేతిలో పెట్టుకో.
ఎర్రది తన్నుద్ది.
బూడిదది ఆలోచిస్తది."

ఆలోచనని మిల్లీమీటర్లలో ఎట్లా రాయాలో
మా సారు చెప్పలేదు.
గ్రాఫు మీద చుక్కలు పెడితే
రెండు గుంపులుగా విడిపోవాల్సినవి
తిరునాళ్ళలో జనంలా కలగాపులగం.

రెక్క కొసన మిరపగింజంత ముక్క కత్తిరించి
సారాయికి తోబుట్టువులాంటి ద్రవంలో ముంచి
నెల్లూరు మోసుకుపోయాను, నలభై సీసాలు.
ల్యాబులో కరెంటు పోయిన రాత్రి
ఐసు కోసం రొయ్యల కంపెనీ గేటు కొట్టాను.
వాచ్‌మన్ సీసాల్లోకి తొంగి చూసి
"ఈ నలుసుల కోసమా?" అన్నాడు.

నాలుగు వారాలకి జవాబు వచ్చింది.
చేపల భాషకి నాలుగే అక్షరాలు.
గుణింతం లేదు, ఒత్తు లేదు,
ఆరువందల యాభై అక్షరాల ఒకే ఒక్క వాక్యం,
ఎక్కడా ఊపిరి తీసుకోకుండా.
ఎర్రదాంట్లో ఏముందో
బూడిదదాంట్లో అదే ఉంది.
పొట్టలు కోసి చూశాను.
ఎర్రవన్నీ మగవి. వానాకాలం పెళ్ళికొడుకులు.
బూడిదవన్నీ గుడ్లతో ఉన్నాయి.

పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను,
నీ రెండు చేపలూ ఒకటేనని.
వల ముడి విప్పుతూనే ఉంది.
"కడుపుతో ఉండేది ఆలోచించదా మరి?"
అని మాత్రం అంది.

అసలు సంగతి ముప్పై రెండో సీసా.
కాలిపర్స్ దాన్ని పరిగే అంది.
వెంగమ్మ చెయ్యీ దాన్ని బూడిదబుట్టలోనే వేసింది.
అక్షరాలు మాత్రం నలభై చోట్ల
అడ్డం తిరిగాయి.
దేశదేశాల చేపల చిట్టాలో వెతికితే
సరిపోలినది ఏదీ లేదని వచ్చింది.
ఇద్దరి కళ్ళూ కప్పి
ఎన్నేళ్ళుగా తిరుగుతోందో పెన్నలో!

"పేరేంది దానికి?"
"ఇంకా లేదు. చిట్టాలో దొరకలేదు."

వెంగమ్మ ఈసారి వల కింద పెట్టింది.
కుడిచేతి బొటనవేలు నా ముందుకి చాపింది.
నైలాను దారం కోసి, పొలుసులు గీకి,
గీతలన్నీ అరిగిపోయిన వేలు,
ఏటి రాయిలా నున్నగా.
"రేషను మిషనూ నాకు అదే చెప్పుద్ది.
మూడు నెలలాయె.
వచ్చే నెల రమ్మంటాడు, నేనేదో కొత్త వేలు
తెచ్చుకుంటానన్నట్టు."
నవ్వింది. నేను నవ్వలేకపోయాను.
"నీ చేప నయమమ్మే,
దానికి బియ్యం అక్కర్లేదు."

సాయంత్రం బస్సులో, ఒళ్ళో ఐసుపెట్టె,
పుస్తకం తెరిచి గడులు నింపాను.
పట్టిన చోటు: సోమశిల దిగువ, ఎడమ గట్టు.
పొడవు: అరవై ఒకటి.
పట్టినవారు: తుపాకుల వెంగమ్మ.
ఆమె పేరు రెండోసారి దిద్దాను,
బస్సు కుదుపుకి ఒత్తు చెదిరిందని.
చేప పేరు దగ్గర
పెన్ను ఊరికే ఆనించి ఉంచాను
కలువాయి దాటేదాకా.