గురువారం, గాలి ఒప్పుకుంటే

పటం బల్లమీద పరిస్తే
నాలుగు మూలలకీ నాలుగు బరువులు కావాలి.
చక్కెర డబ్బా, కత్తెర, మా తమ్ముడి చేతిగడియారం,
నాలుగోది నా మోచెయ్యి.
చిలీ దేశం కింది కొస అది.
పింగాణీ పళ్లెం రాతిమీద జారవిడిచినట్టు
నేలంతా పెంకులు, పెంకుల సందుల్లో సముద్రం.

అందులో ఒక పెంకుమీద పదకొండు ఇళ్లు.
వాటికి నేను కళ్లద్దాలు పట్టుకెళ్లాలి.

రోడ్డు లేదు. ఉన్నదల్లా లిసాండ్రో పడవ.
"వాన సంగతేంటి?" అని ఫోనులో అడిగాను.
"వాన సంగతి అడక్కు, అది అక్కడే కాపురం ఉంటుంది.
గాలి సంగతి అడుగు."
సరే, గాలి?
"గురువారం ఒప్పుకోవచ్చు.
నాకైతే మాటివ్వలేదు."

ఇది ఫిబ్రవరి. ఇక్కడ వేసవి.
వేసవంటే, వాన కాస్త వెచ్చగా పడుతుంది.

నలభైమూడు జతల అద్దాలు.
ఒక్కో జతనీ ఒక్కో ఉన్ని మేజోడులో దూర్చాను.
మేజోళ్లు కూడా అక్కడే వదిలేసి రావచ్చు,
తడవని కాలు ఆ ఊళ్లో ఎవరికుంది గనక.
అక్షరాల అట్ట ఒకటుంది. చదువు రానివాళ్లకో?
రాత్రి కూర్చుని వేరే అట్ట గీశాను:
పైన పెద్ద పడవ, దాని కింద చేప, ఆ కింద గాలం,
అట్టడుగున చీమ తలకాయంత ఆల్చిప్ప.
గీసేసరికి నా కళ్లే మసకలు కమ్మాయి.

నిరుడు వెళ్లిన నర్సు చెప్పింది,
అక్కడ సునిల్దా అనే ముసలామె ఉందట.
మనవడు చేపలకి వెళ్లేముందు
పన్నెండు సూదులకి దారం ఎక్కించి
కిటికీ తెరకి గుచ్చి వెళ్తాడట.
పన్నెండో దారం అయిపోతే
ఆమెకి పొద్దు గూకినట్టే,
బయట ఎంత వెలుతురున్నా.

కబురు పంపడానికి రేడియో ఒక్కటే దారి.
మధ్యాహ్నం ఒంటిగంటకి, వార్తలయ్యాక,
జనం కబుర్లు చదువుతారు.
నోల్బెర్తోకి: ఆవు ఈనింది, పెయ్యదూడ.
ఓయార్సో వాళ్లకి: అమ్మకి ఆపరేషను అయింది, అన్నం తింటోంది.
తర్వాత నాది.
"సెనీసా రేవులో సునిల్దా బార్రియాకి:
కళ్లద్దాలావిడ గురువారం వస్తుంది. గుర్రం పంపండి."
'గాలి ఒప్పుకుంటే' అని
చదివినతను తనంతట తనే కలిపాడు.

విన్నారో లేదో.
కబురు అటు పోతుందేగాని ఇటు రాదు.
బ్యాటరీలు ఉన్నాయో, చెమ్మకి ఉబ్బిపోయాయో.

గురువారం గాలి ఒప్పుకోలేదు.
మరుసటి గురువారం ఇంజను ఒప్పుకోలేదు.
ఆ తర్వాతి గురువారం రేవే మూసేశారు,
లిసాండ్రో తాడు చుట్ట మీద కూర్చుని
నా రొట్టెలో సగం తిన్నాడు.
ప్రతి బుధవారం కొత్త రొట్టె కొన్నాను,
మిగిలింది కోళ్లకి వేశాను.
ప్రతిసారీ మేజోళ్లన్నీ విప్పి
అద్దాలు తుడిచి మళ్లీ దూర్చాను.
తమ్ముడు నవ్వాడు, "సర్దుకోవడమే నీ ప్రయాణమే అక్కా."
కావచ్చు. పటంలో ఆ దీవి చోట
నా మోచేతి మరక పడింది.

నిన్న పీతలవాళ్ల పడవొకటి వచ్చింది.
సెనీసా మీదుగా వచ్చామన్నారు, ఆగడం కుదరలేదట.
ఒడ్డున మాత్రం ఒక గుర్రాన్ని చూశారట,
జీను మీద టార్పాలిన్ కప్పి,
పక్కన ఒక కుర్రాడు.
పోయిన గురువారమూ చూశారట.
అంతకుముందు గురువారమూ.

వాడికీ తెలుసు గాలి ఎలా ఉందో.
అక్కడే నిలబడ్డాడు గదా.
పన్నెండు సూదులూ ఎక్కించాకే వచ్చి ఉంటాడు.

పట్టీ తీసి చివర ఒకటి చేర్చాను:
ఓట్లు, ఒక బస్తా. గుర్రానికి.

లిసాండ్రో బస్తా ఎత్తి చూశాడు.
"తడిసిపోతుందేమో?" అన్నాను.
"తడవని గింజని
అది నమ్మదులే" అన్నాడు.