మూడో అక్షరం

కాంగ్రెస్ పెట్టె ఎలా ఉంటుందో
ఊకలో వేలితో రాసి నాన్నకి చూపించాను:
ముందు కొడవలి, పక్కన నిండు చందమామ.
"వరి కోసేవాడికి కొడవలి నేర్పుతావా?" అని నవ్వాడు.

తెల్లారకముందే కాంబహీ నది దాటాడు,
టోపీలో మడిచిన చీటీతో.
అక్కడ ఎనిమిది పెట్టెలు.
పొద్దెక్కేలోగా రెండుసార్లు తారుమారు చేశారట.
ఏదని అడగబోతే
"చదువుకో, సిపియో" అన్నాడట గుమాస్తా.

కొడవలీ చందమామా
రెండు పెట్టెల మీదున్నాయి.
కాంగ్రెస్‌ది ఒకటి, కౌంటీది ఒకటి.

ఎందులో వేశాడో చెప్పడు.
రాత్రి ఊక పళ్ళెం నా ముందుకి జరిపి
"తర్వాతిది రాయి" అన్నాడు.

రాశాను.
ఒకచోట బోర్లించిన గిన్నె,
ఇంకోచోట అదే గిన్నె వెల్లకిలా.

"ఇంతేనా?" అన్నాడు.
దీపం ఆరిపోయినా
పళ్ళెం కదపనివ్వలేదు.