ముప్పై సెకన్లు

ఫిషింగ్ హార్బర్ రోడ్డులో వలల కొట్టు పైన
రెండో అంతస్తు మా ఆఫీసు.
నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను,
కిటికీ తీస్తే డీజిలూ ఎండుచేపలూ కలిసిన గాలి.
ఐసు దిమ్మ ఈపూట ఎంతుందో
పడవలవాళ్ళు ఫోనులో అడిగితే చెప్పే సర్వరు
రాయడం నా పని.

నేను రాసింది బుద్ధిమంతమైన కోడు.
ఒక పడవ అడుగుతుంది.
నేను వెళ్ళి ఐసు ఫ్యాక్టరీని అడుగుతాను.
వాళ్ళు చెప్పేదాకా
గుమ్మంలో చేతులు కట్టుకుని నిల్చుంటాను.
వెనక ముప్పై తొమ్మిది పడవలు
గొంతు చించుకున్నా తల తిప్పనంత బుద్ధి.

దాలినాయుడు చూశాడు. నవ్వలేదు, అదే బాధ.
"ఎసింక్ పెట్టు" అన్నాడు
పులుసులో ఉప్పు వెయ్యమన్నంత తేలిగ్గా.

పెట్టాను.
ప్రతి ఫంక్షన్‌కీ నుదుట బొట్టులా ఒక ఎసింక్.
మర్నాడు పడవల ఫోన్లలో ధరకు బదులు
"ప్రామిస్, పెండింగ్" అని పడింది.
ఓ సరంగు ఫోన్ చేశాడు:
"మాటివ్వడం తరవాతమ్మా, ఐసెంతో సెప్పు."

అవైట్ మర్చిపోయాను.
ఫ్యాక్టరీ ఇచ్చిన మాట నిలబడకముందే
ఆ ఉత్తి మాటనే పొట్లం కట్టి పంపేశాను.

వారమంతా కాగితాల మీద బాణాలు గీశాను.
అవైట్ దగ్గర ఆగేది ఎవరు?
ఫంక్షన్ ఆగితే సర్వరు ఆగదంటారేమిటి?
దారం ఒకటే అంటారు,
పూసలు నలభై అంటారు,
చుట్టూ ఏదో లూపు తిరుగుతుందంటారు.
తిరిగింది నా తలే.

తెల్లవారుజామున అయిదింటికి
టీ కోసం కిందికి దిగాను.
అర్జిల్లి అసిరమ్మ కత్తిపీట ముందు కూచుని ఉంది.
ఐసు తెమ్మని మేనల్లుణ్ణి పంపింది,
వాడు పోయిన దారి వంక చూడలేదు.
కోనెం సగం కోసి, ముక్క మందం ఎంతో
హోటలు కుర్రాణ్ణి ఓనరుకి ఫోన్ చెయ్యమంది.
వాడు నంబరు నొక్కేలోపు
రొయ్యలు తూచింది,
కానాగంతల బుట్ట బేరం తెగ్గొట్టింది,
ఎవరి చిల్లరో ఎవరికో ఇప్పించింది.
చేతులు రెండే. కత్తి ఒకటే.
ఏ పని ఎక్కడ వదిలిందో
తెలిసిన మనిషి, అంతే.

"పిన్నీ, ఐసు!"
అది వచ్చే వేళకే వచ్చింది,
ఒక్క రెప్పపాటు ముందు రాలేదు.
నాకెవరూ చెప్పని సంగతి అదీ:
ఇది వేగం కాదు,
ఎదురుచూపుకి కాళ్ళు కట్టెయ్యకపోవడం.

ఉత్సాహం పట్టలేక ఆమెకే చెప్పాను,
నా మిషనూ నీలాగే పనిచేస్తుందని.
"మరి అవతలోళ్ళు పలక్కపోతేనో?
ఎంతసేపు సూస్తాది?"
"ముప్పై సెకన్లు."

"ముప్పై సెకన్లా!"
నవ్వుకి పక్క దుకాణాలు తిరిగి చూశాయి.
తరవాత చేతులు ఆగాయి,
ఆ ఉదయం మొత్తంలో అదొక్కసారే.
"నాను పదకొండు రోజులు సూసినాను,
ఆ గాలివాన యేడు."

వచ్చారా అని నేను అడగలేదు.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఒక చుట్టు తిరిగింది.
హోటలు కుర్రాడు ఫోను దించి
"అరంగుళమంట" అన్నాడు.
కోనెం వదిలిన చోటినుంచే
కత్తి మళ్ళీ మొదలైంది.

పైకొచ్చి అవైట్ పెట్టాల్సిన చోట పెట్టాను.
నలభై పడవలు అడిగాయి,
నలభైకీ అంకెలు వెళ్ళాయి,
ఏది ముందొస్తే అది.
టైమౌట్ దగ్గర వేలు కాసేపు తచ్చాడింది.
ఐసు ధరకి ముప్పై సెకన్లు ఎక్కువే.
అలాగే ఉంచాను.
దాని కింద ఉన్న ఎర్రర్ నంబరు మాత్రం కొట్టేసి
ఇలా రాశాను:
"ఇంకా కబురు రాలేదు. మళ్ళీ అడుగుతున్నాం."

దాలినాయుడు చూసి,
మెసేజి పొడుగైంది అన్నాడు.
తీసెయ్యమని మాత్రం అనలేదు.