సందు

రాత్రి పన్నెండుకి
టవరు పంపే మెసేజితో నాకు తెల్లారుతుంది.
ఒకటిన్నర జీబీ.
అది వచ్చేదాకా బ్యారన్ ముందు
సుబాబుల్ మొద్దు మీద కూచుని
కదలని ఫోన్ని అరచేతిలో తిప్పుతుంటాను.

ఇరవై రెండేళ్లుగా జరుగుమల్లి చుట్టుపక్కల
ఎవరి బ్యారన్ కాలినా ఆ మంట నాది.
అద్దంలోంచి టార్చి కొడితే
తొంభై ఎనిమిదో, నూట పద్దెనిమిదో
పాదరసం చెబుతుంది, నేను వింటాను.
ఎన్ని కట్టెలకి ఎంత వేడో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
ఈ డేటా మాత్రం ఏ పొయ్యిలో పడి పోతుందో
మొన్న జనవరి దాకా తెలీలేదు.

పొద్దున ఎనిమిదికే సగం అయిపోయిందంటాడు.
ఎనిమిదికి నేనేం చేశాను?
పళ్లు తోముకున్నాను.

చేతికింద కుర్రాడు మాలకొండయ్య చూపించాడు:
"సెట్టింగుల్లోకి పో మామా,
ఎవరెంత మింగారో చీటీ ఉంటది."
ఉండాది.
ముఠామేస్త్రి హాజరు పుస్తకంలాగా
పేర్లు, పేర్ల పక్కన లెక్కలు.
నేను తెరవనే తెరవని యాప్ రెండొందల ఎంబీ.
బావమరిది గ్రూపులోని గుడ్ మార్నింగులు,
మందారాలూ మంచుకొండలూ,
నేను చూడకముందే వాటంతటవే దిగి
ఫోను కడుపులో సర్దుకుని కూచున్నాయి.

ఓహో, ఇది సందు యవ్వారం.
ఎన్ని మొద్దులేసినా వేడెక్కని బ్యారన్ని
మేం తిట్టం.
దీపం పట్టుకుని గోడ చుట్టూ తిరుగుతాం.
వత్తి యాడ వొణికితే ఆడ సందు.
బంకమట్టీ పేడా కలిపి మెత్తుతాం.

అట్టాగే మెత్తాను.
వాటంతటవే దిగే వీడియోలకి ఒక ముద్ద.
వెనకాల నడిచే యాపులకి ఒక ముద్ద.
బొమ్మ నాణ్యం తగ్గించాను,
మనుషులు కాస్త అలుక్కుపోయారు,
మాటలు బాగానే వినిపిస్తుండాయి.
జీబీ దాటితే కేకెయ్యమని చెప్పాను.

అయినా ఆరొందలు ఎటో పోతుండాయి.
వేళ్లతో తడుముకుంటూ ఇంకో గదిలోకి పోతే
అక్కడ దొరికింది, హాట్‌స్పాట్ లెక్క.
ఈ గది తలుపు వాడు నాకు చూపించలేదు.
నేను మాలకొండయ్య వైపు చూశాను.
వాడు పొయ్యి వైపు చూశాడు.

ఏమీ అనలేదు. పాస్‌వర్డు మార్చాను.
ఆ రాత్రి పదకొండింటికి
ఇంకా ముప్పాతిక జీబీ మిగిలే ఉంది.
జేబులో నోటు మిగిలినట్టు
గోనెపట్టా మీద హాయిగా వాలిపోయాను.

రెండున్నరకి వాసన లేపింది.
మాడుతున్న బెల్లం వాసన.
ఆకు రంగు కట్టే రాత్రి రాకూడని వాసన.
అద్దంలో నూట ముప్పై ఆరు.
నోరు నిండా మొద్దులు కుక్కిన పొయ్యి,
గోడకానుకుని గురకపెడుతున్న మాలకొండయ్య,
వాడి చేతిలో నల్లగా ఫోను.

పైకిటికీలు తెరిచాం, మొద్దులు బయటికి లాగాం.
పై రెండు వరసలు ఎర్రబడిపోయాయి.
ఆసామికి ఈదురుగాలని చెప్పాను.
గాలి లేదని ఆయనకీ తెలుసు.

"బొమ్మ ఆడతా ఉంటే కళ్లు మూతపడవు మామా."
"ఏం చూస్తావురా రాత్రంతా?"
సిగ్గుపడ్డాడు.
"లారీ. ఎవరో అస్సాం కొండల్లో తోలతా ఉంటాడు.
మాటలుండవు. రోడ్డే."

ఇప్పుడు వాడికి రాత్రికి మూడొందలు,
అది దాటగానే హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోద్ది.
లారీ ఘాట్ ఎక్కుతుంటుంది,
అద్దంలో నూట పద్దెనిమిది.
లారీ మలుపు తిరిగినప్పుడల్లా
వాడు లేచి ఒక కట్టె తోస్తాడు,
అప్పుడప్పుడూ నేనూ వాడి భుజం మీంచి చూస్తాను.
వాన. ముందర ఎవడో అడ్డం వస్తాడు.
మా వాడు బ్రేకు తొక్కుతాడు, నేలమీద.

కట్టెల పద్దులో కిందన రాశాను:
సుబాబుల్ ఆరు క్వింటాళ్లు,
కిరసనాయిలు ఒక సీసా,
మాలకొండయ్యకి మూడొందల ఎంబీ.
ఆసామి అడిగితే ఏం చెప్పాలో
ఇంకా తేలలేదు.