టెస్ట్ చేయలేదు

అమ్మేవాడు రాసిన వాక్యం అదొక్కటే.
కింద మూడు ఫొటోలు, మూడూ మసక.
మంచం మీద పూల దుప్పటి,
దుప్పటి నడుమ పాత వీడియో గేమ్ డబ్బా,
పక్కన వైరు తెగిన జాయ్‌స్టిక్కు,
మూలన ఎవరిదో కాలి బొటనవేలు.
ఆరు వందల యాభై. అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు.

ఆ మాటకు నిఘంటువులో లేని అర్థం నాకు తెలుసు.
టెస్ట్ చేసినాడు. వెలగలేదు.
ఇంకో ప్లగ్గులో పెట్టి చూసినాడు. వెలగలేదు.
నెత్తిన రెండు పీకినాడు, అప్పుడూ వెలగలేదు.
అప్పుడు దుప్పటి పరిచి ఫొటో తీసినాడు.

అయినా కొన్నా.
ఇది పదకొండోది.

పగలంతా అలిపిరి డిపోలో
కొండ దిగొచ్చిన బస్సులకు దీపాలు చూస్తా.
ఘాట్ మలుపులో హెడ్‌లైటు ఆరిపోతే ఏమవుతాదో
ఎవురూ చెప్పాల్సిన పని లేదు.
అక్కడ ‘చూడలేదు’ అనే మాటే ఉండకూడదు.
ప్రతి వైరుకూ సంతకం, ప్రతి ఫ్యూజుకూ సంతకం.
అందుకేనేమో ఇంటికొచ్చినాక
ఎవరి ప్రాణమూ ఆధారపడని
చిన్న చిన్న చావులంటే నాకిష్టం.

కొర్లగుంటలో మా రెండు గదుల మేడ మీద
రాత్రి తొమ్మిదైతే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతాది.
ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మునిలక్ష్మి అంటాది,
“సాంబ్రాణి వేసుకున్నా పుణ్యమైనా వచ్చు గదా!”

విప్పితే ఒక్కోదాంట్లో ఒక్కో సంసారం.
నెల్లూరు దాంట్లో ఉప్పుగాలికి పచ్చబడిన రాగి.
కడప దాంట్లో బొద్దింక గుడ్లు.
వేలూరు దాంట్లో నాలుగణాల బిళ్ళ,
ఆటకు డబ్బులు లోపలెయ్యాలనుకున్నాడేమో ఏ పిల్లోడో.
ఒకదాంట్లో అసలు బోర్డే లేదు,
బరువుకు గులకరాళ్ళు పోసి మూత బిగించినారు.
రాళ్ళు మాత్రం నున్నగా బాగుండినాయి,
కరివేపాకు కుండీలో వేసింది మునిలక్ష్మి.

తొంభై ఆరులో సినిమాహాలు వెనక సందులో
ఆట గంటకు నాలుగు రూపాయలు.
నా దగ్గర రూపాయుండేది.
రూపాయికి పావుగంట ఇయ్యడు,
నిలబడి చూసేదానికైతే ఒప్పుకునేవాడు, ఊరికే.
ఏడ గోడ వస్తాదో, ఏడ గుంత వస్తాదో,
చేతులకు రాని ఆటంతా కళ్ళకు వచ్చేసింది.
ఇప్పుడు జాయ్‌స్టిక్కు చేతికిస్తే
మొదటి గుంతలోనే పడి చస్తా.

మధ్యాహ్నం కొరియర్ చెంగల్రాయులు
మెట్ల కాడ్నుంచే అరిచినాడు,
“అన్నా, మళ్ళా పాత సామానేనా?”
నగరి నుంచి. చుట్టూ తమిళ పేపరు,
దాని మీద గోధుమరంగు టేపు, కోపంగా చుట్టినట్టు.

తెగిన వైరు కలిపేదానికి నాలుగు నిమిషాలు పట్టింది.
విప్పేముందు ఊరికే ఒకసారి ప్లగ్గు పెట్టినా.

వెలిగింది.
ఎర్ర చుక్క, తర్వాత టీవీ నిండా నీలం,
తర్వాత సందులో విన్న అదే పాట.
కళ్యాణకట్టలో అప్పటికే గుండైన తల ముందు
కత్తి తడుపుకుని కూర్చున్నోడి మాదిరి
స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుండిపోయినా.

నగరాయన అబద్ధం చెప్పలేదు.
నిజంగానే చూడలేదు.
వెలగకపోతే ఎట్లా అని భయమో,
వెలిగితే ఎట్లా అని భయమో,
ఆ బొటనవేలును చూసి ఏం చెప్పగలం.

“దానికైతే వచ్చిన గంటకే ప్లగ్గు పెడతావు,”
వెనకనుంచి మునిలక్ష్మి.
“నీ జేబులో చీటీకి మూడు వారాలు.”

రుయాలో డాక్టరు రాసిచ్చిన చీటీ.
చొక్కా రెండుసార్లు ఉతికింది,
రెండుసార్లూ చీటీ తీసి, ఆరినాక
అదే జేబులో అదే మడతలో పెట్టింది.
నేనూ చూసినా. చూడనట్టు తొడుక్కున్నా.

ఏమీ అనకుండా ఆట మొదలుపెట్టినా.
మొదటి గుంత. పడినా.
మళ్ళీ. పడినా.

మునిలక్ష్మి తడిచేతులు చీరకు తుడుచుకుని
జాయ్‌స్టిక్కు నా చేతిలోంచి తీసుకునింది.
పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ముట్టింది లేదు.
గుంత దాటేసింది.
గోడ ఎక్కి దిగి, రెండో గుంతా దాటేసింది.

“రేపు పొద్దున్నే ఏం తినొద్దు,” అనింది,
కళ్ళు తెర మీదే పెట్టి.