పదకొండో ఇంటి కుక్క

సౌదామిని సిస్టర్,
ఫైటింగులొద్దు, ఏడుపులొద్దు,
నైట్ డ్యూటీలో నిద్రాపేది ఏదైనా
ఎక్కించి ఇమ్మన్నావు.
నిద్రాపే సినిమాలు బస్టాండు కొట్టులో బోలెడు.
నా దగ్గరున్నవి
మనం పడుకున్నాక లేచి కూర్చునేవి.

గుణుపురంలో మెమరీ కార్డులు నింపబట్టి పదమూడేళ్ళు.
అడిగినవన్నీ ఎక్కిస్తాను.
అడగనిది ఒకటి, చడీచప్పుడు లేకుండా, అడుగున వేస్తాను,
సంతలో కొసరు వంకాయలా.
కొసరుకి డబ్బుల్లేవు, తిట్లున్నాయి.
"ఇదేటి బాబూ, సౌండు పోనాది" అని
మొన్నొకాయన కార్డు విసిరికొట్టాడు.
సౌండు పోలేదు.
ఆ దీవిలో ఇరవై నిమిషాల దాకా
ఎవరికీ మాటాడే పని పడదు, అంతే.
ఒకామె చేపలకి ఉప్పు పూస్తుంటుంది.
గాలి.
మళ్ళీ చేప.
ఇరవై ఒకటో నిమిషంలో ఆమె ఒక్క మాటంటుంది.
అదేటో నేను చెప్పను.

భాష రాదని భయపడకు.
ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా అక్షరాలు,
సంతకెళ్తే సవర బేరాలు.
అమ్మ చెప్పిన సామెతని
ఒడియా లిపిలో రాసుకున్న చేతులు మనవి.
చెవికొకటి, కంటికొకటి.
తెర కింద అక్షరాలు పరిగెడితే మనకి కొత్తేటి?
పుట్టినప్పట్నుంచీ
మన మాటల కిందనే పరిగెడుతున్నాయి.

ఎడారి దేశంది ఒకటుంది, మంచిదే,
మధ్యలో గంటసేపు ఇసుక.
నాకే కునుకొచ్చింది, సెలవురోజుకుంచు.
యుద్ధం మీద ఇంకోటి. యుద్ధం కనబడదు,
రొట్టెల కొట్టు ముందు వరస కనబడుతుంది,
రోజురోజుకీ పొట్టిదవుతూ.
అది మాత్రం డ్యూటీలో చూడకు.
మీ వార్డులో ఖాళీ మంచాలుంటాయి.

నీకిస్తున్నది కొండల దేశంది.
మొగుడు పోయినామె
అతని అప్పుల చీటీ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది.
పధ్నాలుగిళ్ళు.
ప్రతి ఇంటా కూర్చోబెట్టి టీ ఇస్తారు.
అప్పు మాట వాళ్ళెత్తరు, ఈమె ఎత్తలేదు.
పొద్దుగూకేసరికి చీటీ మడతలోనే ఉంది,
కడుపునిండా టీ.
కథంతా చెప్పేశాను. నష్టమేం లేదు.

అయిదుసార్లు చూశాను దీన్ని.
ఎవరికిచ్చినా ముందు పాఠం చెప్పేవాణ్ణి:
కప్పులు చూడండి,
ఒక్కో ఇంటి కప్పుదీ ఒక్కో రకం బీదరికం అని.

పోయిన వానల్లో ఇసాక్ రయితా వచ్చాడు,
పుట్టాసింగి మనిషి, జీడిపిక్కల లారీ తోల్తాడు.
కొసరు చూశాడట.
కౌంటరు మీద మోచేతులాన్చి చాలాసేపు నిలబడి,
"పదకొండో ఇంటి కాడ కుక్కుంది గదా,
ఆ పూట దానికెవరైనా అన్నం పెట్టారా?"

కుక్కేటి?
ఆ సినిమాలో కుక్క లేదన్నాను,
అయిదుసార్లు చూసినోడి గొంతుతో.
అతను వాదించలేదు.
ఛార్జరు కొనుక్కుని ఎల్లిపోయాడు.

ఆ రాత్రి షట్టరు సగం దించి ఆరోసారి పెట్టాను.
పదకొండో ఇల్లొచ్చింది.
అలవాటు చొప్పున కప్పునే చూస్తున్నాను.
బలవంతాన కళ్ళు పక్కకి లాగితే
గడప అవతల, తెర తెగ్గోసిన అంచున,
ఒక తోక. సగం వీపు.
ఆమె విడిచిన చెప్పుల్లో ముక్కు పెట్టుకుని
ఊగని తోక.
ఎవరూ పెట్టలేదు, ఇసాకూ.
లోపల టీ తాగుతున్నారు.

అప్పట్నుంచి పాఠం చెప్పడం మానేశాను.
ఇప్పుడు చెప్పిందంతా కూడా
వినలేదనుకో.

కార్డు ఇదిగో.
ఏ మంచం నుంచైనా మూలుగు వినబడితే ఆపేసి ఎల్లు.
అది ఆగిన చోటే ఉంటుంది, టీ చల్లారదు.
తెల్లారి డ్యూటీ దిగి ఇటే పోతావు గదా,
బాగుందా లేదా అని అడగను.
నాకు కనబడనిది ఏ ఇంటి కాడ ఏముందో
ఒక్కటి చెప్పి పో.

డబ్బులా?
ఉండు, ముందు టీ చెప్తాను.